సృష్టి, పరిణామ వివాదమున పుట్టిన వింత మాటలు

మన చేబ్రోలునకు పొరుగుననున్న తెనాలి పేరు చెప్పినంతనే రామకృష్ణకవి కథలు జ్ఞాపకమునకు వచ్చును. దేశదేశముల విద్వాంసులను ఓడించి వచ్చిన పండితుడొకడు రాయలవారి సభలో నిలువగా, రామకృష్ణుడు పట్టుగుడ్డలో చుట్టిన కట్ట నొకదానిని చూపి, 'తిలకాష్ఠ మహిషబంధన' మను గ్రంథమును గూర్చి వాదింతము రమ్మనెనట. అట్టి పేరు ఎన్నడును వినియుండని పండితుడు రాత్రికి రాత్రియే ఊరు విడిచెను. కట్ట విప్పి చూడగా లోపల నువ్వుకట్టెలును, వానిని బిగించిన గేదె పలుపును మాత్రమే యుండెను. ఆ కథ జరిగినదో లేదో మనకు పని లేదు. వాదములో వింతపేరునకు ఎంత బలముండునో అది చక్కగా చూపుచున్నది.

1859వ సంవత్సరమున చార్లెస్ డార్విన్ 'జాతుల ఉత్పత్తి' యను గ్రంథమును ప్రకటించిన నాటినుండి నేటివరకు, జీవరాసులు క్రమముగా మార్పుచెంది వచ్చినవనువారికిని, ఉన్నవి ఉన్నట్లే సృజింపబడినవనువారికిని వాదము జరుగుచునే యున్నది. శాస్త్రజ్ఞులలో ఈ వాదము చాలకాలము క్రిందటనే ముగిసినది. బయట ముగియలేదు. ఇంతకాలము పోట్లాడినవారు ఊరకుందురా? ఇరుపక్షములవారును ఒకరినొకరు పరిహసించుటకై వింత మాటలను పుట్టించిరి. వానిలో కొన్ని రామకృష్ణుని కట్టవలె ఎదుటివానిని బెదరించుటకు మాత్రమే పనికివచ్చును. మరికొన్ని కట్టను విప్పి లోపలి నువ్వుకట్టెలను చూపును. ఈ రెండవ జాతి మాటలు మన విద్యార్థులకు తెలియుట మంచిదని తోచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను. అట్లు తోచుటకు కారణము నా పొరపాటొకటి కలదు.

గత సంవత్సరము మన వక్తృత్వసభలో 'జీవపరిణామము సత్యమా?' అను విషయముపై వాదము పెట్టితిమి. అధ్యక్షుడను నేనే. పదవ తరగతి బాలుడొకడు లేచి, తనకిచ్చిన ఐదు నిమిషములలో పదునేడు ప్రశ్నలు వేసెను. కోతి మనిషియైన యెడల కోతులింకను ఏల యున్నవి? సగము కన్నుతో ఎవరికి ప్రయోజనము? చేపకును కప్పకును నడిమి జంతువు ఎక్కడ? ఇట్లు ఒకదాని వెనుక నొకటి, ఊపిరి సలుపకుండ. సభ చప్పట్లతో మారుమ్రోగినది. బదులు చెప్పుటకు లేచిన తొమ్మిదవ తరగతి బాలిక మొదటి ప్రశ్నకు నిదానముగా సమాధానము చెప్పుచుండగనే గంట మ్రోగినది. నేను బహుమానమును ఆ బాలునికి ఇచ్చితిని. సోమవారము ఉదయమున ఆ బాలిక నా గది ముందర నిలిచి, "సార్, ప్రశ్న అడగటానికి పది సెకన్లు చాలండీ. జవాబు చెప్పాలంటే పది నిమిషాలు కావాలి. అట్లాంటప్పుడు నేనెట్లా గెలుస్తానండీ?" అని యడిగినది. నా యొద్ద సమాధానము లేకపోయెను.

ఆ యుపాయమునకు పేరొకటి యున్నదని తరువాత తెలిసికొంటిని. దానిని 'గిష్ గాలప్' అందురు. గాలప్ అనగా గుఱ్ఱపు దౌడు. డువేన్ గిష్ అనునతడు అమెరికా దేశస్థుడు, జీవరసాయనశాస్త్రము చదివినవాడు, సృష్టివాదపక్షమున వందలకొలది సభలలో వాదించి 2013లో మరణించెను. సభ యెక్కిన వెంటనే ఆయన సగము నిజములను, పూర్తి పొరపాట్లను, అసలు సంబంధము లేని విషయములను ఒకే ప్రవాహముగా కురిపించువాడు. ఎదుటివాడు వానిలో రెంటికి బదులు చెప్పులోపల కాలము చెల్లిపోవును. తక్కిన ఇరువది ప్రశ్నలకు సమాధానము లేదని శ్రోతలు తలంతురు. 1994లో యూజినీ స్కాట్ అను మానవశాస్త్రజ్ఞురాలు దీనికి 'గిష్ దౌడు' అని పేరు పెట్టెను. ఆ పేరు ఇప్పుడు రాజకీయవాదములకును ప్రాకినది. పంచాయతీ ఎన్నికల ఉపన్యాసములు వినినవారికి అర్థము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి పేళ్లు పెట్టుట పరదేశీయుల వింత కాదు. మన న్యాయశాస్త్రమున మాటను మెలిత్రిప్పుటకు 'ఛల' మని పేరు. 'నవకంబలు'డనగా క్రొత్త కంబళి గలవాడని చెప్పబోవగా, "ఒక్కటే కనబడుచున్నదే, తొమ్మిది యెక్కడ?" అనుట దానికి పాతకాలపు ఉదాహరణము. న్యాయసూత్రములలో ఛలములు 3, జాతులనబడు తప్పు ప్రత్యుత్తరములు 24, వాది యోడిపోవు స్థానములు 22 లెక్కింపబడినవి. మన పెద్దలు వాదమును చెడుగుడు ఆటవలె గీతలు గీచి ఆడిరన్నమాట. గిష్ దౌడును వారెరిగియుండిన యెడల దానికొక సూత్రము తప్పక వ్రాసియుందురు.

ఇక 'కోతి' సంగతి. ఈ వివాదమునకంతటికి మొదటి పరిహాసము ఇదియే. 1860లో ఆక్స్‌ఫర్డు నగరమున జరిగిన సభలో బిషప్పు విల్బర్‌ఫోర్సుగారు హక్స్‌లీ పండితుని, కోతి బంధుత్వము నీకు తాతవైపుననా, అవ్వవైపుననా యని యడిగెనని చెప్పుకొందురు. ఆనాటి మాటలను అక్షరము తప్పక వ్రాసికొన్నవారు లేరు గాని పరిహాసము మాత్రము నిలిచినది. 1925లో అమెరికాలోని డేటన్ అను చిన్న ఊరిలో, పరిణామసిద్ధాంతమును బోధించెనని జాన్ స్కోప్స్ అను యువ ఉపాధ్యాయునిపై వ్యాజ్యము నడచి 100 డాలర్ల జరిమానా విధింపబడినపుడు, పత్రికలవారు దానిని 'కోతి విచారణ' యనిరి. ఆ తీర్పు తరువాత పైకోర్టులో విధానదోషముచే కొట్టివేయబడినది.

మన బడిలోను అదే జరిగినది. వాదసభ ముగిసిన వారమునకు బహుమానము పొందిన బాలుని తండ్రి వచ్చి, తువాలు చేతనుంచుకొని గుమ్మముకడ నిలిచెను. "మేష్టరుగారూ, మావాణ్ణి బళ్ళో అందరూ కోతిగాడు అంటున్నారంట. మీరు చెప్పే పాఠంలో అట్లా ఉందా అండీ?" అని యడిగెను. లేదంటిని. కూర్చుండుమని చెప్పి, పాఠములో ఏమున్నదో ఆయనకు చెప్పినట్లే ఇచ్చటను చెప్పెదను.

తెలుగు తమిళమునుండి పుట్టెనని కొందరును, సంస్కృతమునుండి పుట్టెనని కొందరును పూర్వము వాదించిరి. 1816లో ఎల్లిసు దొర, కాంబెల్ వ్రాసిన తెలుగు వ్యాకరణమునకు కూర్చిన పీఠికలో, దక్షిణదేశభాషలు వేరొక కుటుంబమని చూపెను. 1856లో తిరునెల్వేలి మిషనరీయైన కాల్డ్వెల్‌గారు దానిని పెద్ద గ్రంథముగా స్థాపించిరి. తరువాత మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు, గోండి, కొండ, కువి, కుయి భాషలు ఒకే కొమ్మనుండి చీలినవని నిరూపించిరి. తెలుగు గోండికి బిడ్డ కాదు, గోండి తెలుగునకు బిడ్డ కాదు. రెండును ఒక తల్లికి పుట్టినవి. ఆ తల్లిభాషను నేడు మాటలాడువారు ఎవ్వరును లేరు. తెలుగు పుట్టినది గదా, గోండి యింకను ఏల యున్నదని ఎవరైన అడుగుదురా? మనుష్యునికిని చింపాంజీకిని గల సంబంధమును శాస్త్రజ్ఞులు ఇట్లే చెప్పుదురు. సుమారు 60 లేక 70 లక్షల సంవత్సరముల క్రిందట ఉండిన ఒక పూర్వజాతినుండి రెండు శాఖలును విడిపోయినవి. నేటి కోతి నేటి మనిషికి తాత కాదు, దూరపు దాయాది. ఆ తండ్రి కొంతసేపు ఆలోచించి, "అయితే పాలివాళ్ళన్నమాట" అనెను. ఇంతకంటె చక్కని మాట నేనే పుస్తకములోను చదువలేదు.

'తప్పిపోయిన లంకె' యను మాటను అందరు విని యుందురు. మన బాలుడు అడిగిన 'నడిమి జంతువు' ఇదియే. 1861లో జర్మనీ దేశమున ఈకలును పండ్లును గల ఆర్కియాప్టెరిక్స్ శిలాజము దొరకెను. 2006లో చేపకును నాలుగుకాళ్ల జంతువునకును నడుమనుండు టిక్టాలిక్ అను దాని వర్ణన ప్రకటింపబడెను. దాని వయస్సు సుమారు 37.5 కోట్ల సంవత్సరములు. అయినను తృప్తిపడనివారిని గూర్చి ఒక హాస్యము కలదు: ఒక ఖాళీలో శిలాజము దొరకినంతనే దానికి ఈ వైపున ఒకటి, ఆ వైపున ఒకటి, రెండు ఖాళీలు ఏర్పడునట! ఈ పక్షమువారును తక్కువవారు కారు. 1912లో ఇంగ్లండున దొరకినదని చాటిన 'పిల్ట్‌డౌన్ మానవుడు' మనిషి పుఱ్ఱెకు ఒరాంగుటాను దవడ నతికించిన మోసమని 1953లో తేలినది. నలుబది యేండ్లు నమ్మినది శాస్త్రజ్ఞులే, మోసమును బయటపెట్టినదియు శాస్త్రజ్ఞులే. నేటికిని 'పిల్ట్‌డౌన్' అనినంతనే వారు తల వంచుకొందురు.

అన్నిటికంటె నాకు నవ్వు తెప్పించినది ఒక అచ్చుతప్పు. అమెరికాలో 1987లో సర్వోన్నత న్యాయస్థానము, సృష్టివాదమును ప్రభుత్వపాఠశాలలలో శాస్త్రముగా బోధింపరాదని తీర్పు చెప్పెను. అప్పుడు ఒక పాఠ్యపుస్తకము సిద్ధమగుచుండెను. దాని కర్తలు 'క్రియేషనిస్టులు' అను మాట ఉన్నచోటులనెల్ల దానిని కొట్టివేసి 'డిజైన్ ప్రొపోనెంట్లు', అనగా 'రూపకల్పనవాదులు', అని మార్చిరి. ఒకచోట మార్చువాని చేయి తొందరపడి పాతమాట తలయు తోకయు మిగిలిపోగా 'సిడిజైన్ ప్రొపోనెంట్సిస్టులు' అను విపరీతపదము ఏర్పడెను. 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ అను ఊరి పాఠశాలను గూర్చిన వ్యాజ్యములో బార్బరా ఫారెస్టు అను ఆచార్యురాలు ఆ చిత్తుప్రతులను న్యాయస్థానమునకు చూపెను. 'ఇదిగో మీరడిగిన తప్పిపోయిన లంకె' అని పరిహాసకులు సంతోషించిరి. ప్రక్కవాని జవాబుపత్రమును చూచి వ్రాయుచు వాని హాజరు సంఖ్యను కూడ దింపుకొన్న విద్యార్థిని ఎరిగిన ఉపాధ్యాయులకు ఈ సంగతి క్రొత్త కాదు.

'స్టీవ్ పట్టిక' యను మరియొక వినోదము. పరిణామమును సందేహించు పండితుల జాబితాను ఎదుటిపక్షము ప్రకటింపగా, 2003లో అమెరికాలోని ఒక శాస్త్రవిద్యా సంస్థవారు, పరిణామమును అంగీకరించు శాస్త్రజ్ఞులలో స్టీవ్ అను పేరుగలవారి సంతకములను మాత్రమే సేకరించిరి. అంతకుముందటి యేడు మరణించిన స్టీఫెన్ జే గూల్డ్ పండితుని జ్ఞాపకార్థము ఆ పేరు నెన్నుకొనిరి. ఆ దేశమున నూటికి ఒక్కరు మాత్రమే ఆ పేరువారైనను సంతకములు 1,400 దాటినవి. మన జిల్లాలో వెంకటేశ్వర్లు అను పేరుగలవారిని మాత్రమే పిలిచి సభ చేసినట్లు! సత్యమును తలల లెక్కతో తేల్చలేమని ఆ పట్టిక చేసినవారే చెప్పియుండుట మెచ్చదగినది.

ఎదుటివాని గ్రంథములో ఒక ముక్కను త్రుంచి వానికే విరోధముగా చూపుటను 'మాటల త్రవ్వకము' అందురు. కన్ను ప్రకృతివరణముచే ఏర్పడెననుట మొదట వింతగా తోచునని డార్విన్ ఒప్పుకొన్న వాక్యమును చూపి, అది ఎట్లు సాధ్యమో ఆయన వెంటనే వివరించిన పుటలను విడిచిపెట్టుదురు. ఈ ఉపాయముతో పదునాలుగవ కీర్తన మొదటి రెండు మాటలను మాత్రము చదివి, దేవుడు లేడని పరిశుద్ధగ్రంథమే చెప్పుచున్నదనవచ్చును! అవి బుద్ధిహీనుని తలంపులని తక్కిన వాక్యము చెప్పును గదా. పరిణామవాదులలోను దోషమొకటి కలదు: ఏ యవయవమును చూచినను ఋజువు లేకయే దాని ప్రయోజనమును కథగా అల్లుట. కిప్లింగ్ పిల్లలకు వ్రాసిన కథలపుస్తకము పేరునుబట్టి గూల్డ్ పండితుడు తన పక్షమువారినే ఇందుకు ఎగతాళి చేసెను. శ్రీరాముడు నిమిరినందున ఉడుత వీపున చారలు వచ్చెనను మన కథయు ఆ కోవలోనిదే.

మాలో విశ్వాసులైనవారికి తెలియవలసిన పేరు 'సందుల దేవుడు'. మన తెలివి అందని సందు కనబడినచోటనెల్ల అచ్చట దేవుడున్నాడని చెప్పుట అపాయకరమని హెచ్చరించినది నాస్తికుడు కాడు. స్కాట్లండు దేశపు సువార్తికుడు హెన్రీ డ్రమ్మండ్ 1894లో దానిని వ్రాసెను. కలరా ఏల వచ్చునో తెలియని కాలమున అది దైవకార్యమనిరి. సూక్ష్మజీవి కనబడినపుడు ఆ సందు మూసికొనిపోయినది. సందులలో మాత్రమే దేవుని పెట్టినవాడు ప్రతి పరిశోధనకును భయపడుచుండవలెను. డ్రమ్మండుకు ముందు, 1857లో, ఫిలిప్ గాస్ అను మరియొక భక్తుడు వేరొక దారి పట్టెను. ఈయన సముద్రజీవులను పరిశోధించినవాడు. నరసాపురము ప్రాంతమున 1836లో గోదావరి డెల్టా మిషనును స్థాపించిన బౌడెన్, బీర్‌గార్ల వంటి సహోదరసంఘమువాడే. ఆదామునకు బొడ్డు ఉన్నట్లే భూమియు పాతదివలె శిలాజములతోనే సృజింపబడెనని ఆయన వ్రాయగా భక్తులును శాస్త్రజ్ఞులును గూడ ఒప్పుకొనలేదు. ఆ వాదమును వెక్కిరించుటకు పుట్టినది 'గతగురువారవాదము': లోకము మన జ్ఞాపకములతో సహా పోయిన గురువారమే పుట్టినదని. అట్లయిన బుధవారము ఇచ్చిన ఇంటిపని ఇయ్యబడనే లేదని మన బాలురు సంతోషింతురు గాక!

'మోర్టన్ భూతము' అను మాట నాకు గ్రుచ్చుకొన్నది. గ్లెన్ మోర్టన్ నూనెబావుల అన్వేషణలో పనిచేసిన భూభౌతికశాస్త్రజ్ఞుడు, క్రైస్తవుడు. భూమి కొలది వేల యేండ్లదేయని తొలుత నమ్మి దాని పక్షమున వ్రాసినవాడు. భూగర్భపు పొరలను దినదినము చూచుచు మనస్సు మార్చుకొనెను. తన మనస్సు వాకిట ఒక చిన్న భూతము కూర్చుండి, తనకు నచ్చిన సంగతులనే లోపలికి పంపి తక్కినవానికి తలుపు మూయుచుండెనని 2002లో ఆయన వ్రాసెను. ఎదుటివానిని గాక తన్ను తాను పరిహసించుకొనుటకు పుట్టిన పేరు ఈ జాబితాలో ఇదియొక్కటే. నా భూతమును నేనెరుగుదును. ట్రెయినింగు కళాశాలనుండి వచ్చిన క్రొత్తలో, తలిదండ్రులేమనుకొందురోయని, పరిణామపాఠమును "ఇది పరీక్షకు ముఖ్యము కాదు" అని రెండు దినములలో దాటించుచు వచ్చితిని. ఎన్నియో తరగతుల పిల్లలు అట్లే వెళ్లిపోయిరి.

భూతము ఒక మతమునకు చెందినది కాదు. 2018లో కేంద్ర సహాయమంత్రియొకరు, కోతి మనిషి అగుట మన పూర్వులెవరును చూడలేదు గనుక డార్విన్ సిద్ధాంతము తప్పనిరి. 2019 జనవరిలో జలంధరు దగ్గర జరిగిన భారత సైన్సు కాంగ్రెసులో మన ఆంధ్ర విశ్వవిద్యాలయపు నాటి వైస్ ఛాన్సలరుగారు, డార్విన్ చెప్పినదానికంటె దశావతారములు మేలైన సిద్ధాంతమనిరి. 'నీవు అచ్చట ఉంటివా?' అని శాస్త్రోపాధ్యాయులను అడుగుడని అమెరికాలో కెన్ హామ్‌గారు క్రైస్తవబాలురకు నేర్పుచుండిరి. మంత్రిగారి ప్రశ్నయు అదే ప్రశ్న. తెల్లవారి కాలువగట్టున అడుగుజాడలు చూచి రాత్రి గేదె తప్పించుకొనిపోయినదని చెప్పు పాలేరు కూడ అచ్చట ఉండలేదు. 2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారి పదవ తరగతి పుస్తకములో 'అనువంశికత, పరిణామము' అను పాఠము 'అనువంశికత' మాత్రమైనది. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులును ఉపాధ్యాయులును దానిని నిరసించుచు సంతకములు చేసిరి. నేను భయముచే చేసినది పుస్తకమే చేసినపుడు నాకు సిగ్గు కలిగినది.

చివర రెండు కుందేళ్లు. ఒకటి మనది: తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనువాని కుందేలు. ఎన్ని కుందేళ్లను తెచ్చి చూపినను వాని లెక్క మారదు. రెండవది హాల్డేన్ పండితునిది. జె. బి. ఎస్. హాల్డేన్ ఇంగ్లండులో పుట్టి, 1957లో మన దేశమునకు వచ్చి, భారతపౌరుడై, 1964లో భువనేశ్వరమున మరణించిన జీవశాస్త్రజ్ఞుడు. పిఠాపురమువాడైన ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యుడు. ఏది కనబడిన మీ పరిణామసిద్ధాంతము పడిపోవునని యడుగగా, 'కేంబ్రియను కాలమునకు పూర్వపు రాతిలో కుందేలు ఎముకలు' అని హాల్డేన్ బదులు చెప్పెనని ప్రసిద్ధి. ఆ కాలము సుమారు 54 కోట్ల సంవత్సరముల క్రిందట ఆరంభమైనది. అంతకు పూర్వపు రాళ్లు మనకు దూరములో లేవు. కడప ప్రాంతమున వేంపల్లె రాళ్లలో సూక్ష్మజీవుల చాపలు కట్టిన పొరలు కనబడును గాని ఎముక ఒక్కటియు లేదు. మన ఇండ్లలో పరచు పలనాటి నాపరాళ్లును చాలవరకు ఆ పూర్వకాలమువేయని భూగర్భశాస్త్రజ్ఞులు లెక్కింతురు. ఒక్క రాతిలో ఒక్క కుందేలు కనబడినచో ఓడిపోయితినని ముందుగనే చెప్పుటకు ధైర్యము కావలెను. మూడుకాళ్లవాడు ఎన్నడును అట్లు చెప్పడు.

ఈ యేడు వాదసభ నియమములను మార్చితిని. ఒక్కొక్కరు ఒక ప్రశ్న మాత్రమే వేయవలెను. ఎదుటివాడు చెప్పినదానిని వాడు ఒప్పుకొనునట్లు తిరిగి చెప్పిన తరువాతనే బదులు చెప్పవలెను. ఏ ఋజువు కనబడిన తన పక్షమును విడుతునో ప్రారంభముననే చెప్పవలెను. సభ మునుపటివలె సందడిగా లేదని పిల్లలు సణుగుచున్నారు, అది నిజమే.

సంక్రాంతి సెలవుల తరువాత నాటి పదునేడు ప్రశ్నల బాలుడు పిడుగురాళ్లవైపునున్న బంధువుల ఊరినుండి నాపరాతిముక్క యొకటి మోసికొని వచ్చెను. దానిపైన ఆకువంటి నల్లని గుర్తు స్పష్టముగా కనబడుచుండెను. "ఇది ఆ కాలపు రాయే కదండీ! చెట్టు ఉంది చూడండి!" అనెను. భూతద్దముతో ఇద్దరమును చూచితిమి. అది చెట్టు కాదు. రాతి పగుళ్లలోనికి దిగిన నీటిలోని మాంగనీసు ఖనిజము కొమ్మలు కొమ్మలుగా పేరుకొనిన గుర్తు. ఆ సంగతి చెప్పి పుస్తకములోని బొమ్మను చూపగా వాడు రెంటిని చాలసేపు పోల్చి చూచెను. ఆ రాయి ఇప్పుడు మన ప్రయోగశాల బీరువాలో ఉన్నది. దాని ప్రక్కనున్న చీటిని వాడే వ్రాసెను: 'కుందేలు కాదు. చూచి తేల్చితిమి.'